గోడలక్క మూసిన పెరటి తలుపులు

ఆ వేసవిలో గోడలక్క ముప్పై పెరటి తలుపులు మూసింది. మూయడమంటే గడియ పెట్టడం కాదు. రెక్కలు ఊడదీసి, ద్వారబంధం పెకలించి, ఆ ఖాళీలో పచ్చి ఇటుకలు పేర్చి, పైన మట్టి పూత పూసి, అక్కడ ఒకప్పుడు తలుపుండేదన్న సంగతే తెలియకుండా చేయడం. వీధిలో ఉన్నవి ముప్పై ఒక్క ఇళ్లు. మిగిలిన ఆ ఒక్కటీ ఆవిడ సొంత ఇల్లు.

పేరు లేక గోడలక్క అయింది కాదు. పేరు పెట్టి పిలిచేవాళ్లలో సగం మంది పోయారు, మిగిలిన సగం మంది మర్చిపోయారు. యాభై ఏడేళ్ల మనిషి. పదహారో ఏట మొగుడి వెంట మట్టి తొక్కడానికి దిగింది. ఆయన గోడ ఎత్తేవాడు, ఈవిడ పూత పూసేది. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. అప్పటి నుంచి ఎత్తడమూ ఆవిడే, పూయడమూ ఆవిడే. కుడి భుజం ఎడమ భుజం కన్నా కిందికి జారిపోయింది. తాపీ ముట్టదు. తాపీకి కళ్లుండవు, అరచేతికి ఉంటాయి అంటుంది. ఆ మాట నిజమో కాదో గానీ, ఆవిడ పూసిన గోడ మీద చెయ్యి వేసి నిమిరితే కాగితం నిమిరినట్టే ఉండేది.

ఆ వీధి ఒకటే పొడుగాటి వరస. ఇళ్లన్నీ ఒకదాని భుజం ఒకటి ఆనుకుని నిలబడ్డాయి. ముందు గుమ్మాలు రోడ్డు మీదికి, వెనక తలుపులు పశువుల బాట మీదికి. బాట దాటితే కాస్త ఎత్తుగా ఒక దిబ్బ, దిబ్బ మీద పశువులవాళ్ల ఇళ్లు. బాట మాత్రం వీధి వెన్నంటే సాగి, పొలాల మధ్యగా మేతబీళ్ల దాకా పోతుంది. చుట్టాలు, ఓట్లడిగేవాళ్లు, పెళ్లిచూపులవాళ్లు ముందు గుమ్మంలోంచి వచ్చేవారు. పాలు, పేడ, పుకార్లు వెనక తలుపులోంచి వచ్చేవి. ఎండుగడ్డి, నూకలు, పాత చీరలు అదే తలుపులోంచి బయటికి పోయేవి. ఏ ఇంటికైనా ముందు గుమ్మం మర్యాదకి, వెనక తలుపు బతుక్కి.

గోడలక్క ఇంటి వెనక తలుపులోంచి వచ్చే మనిషి పేరు వదిన. దిబ్బ మీది మనిషి. ముప్పై ఏళ్ల కింద మొదటిసారి పేడ తట్ట దించుతూ, గోడలక్క మొగుణ్ణి చూసి "అన్నయ్యా, కాస్త చెయ్యి వెయ్యి" అంది. అన్నయ్య భార్య వదిన. ఆ లెక్కన గోడలక్క ఆవిడకి వదినైంది. నన్ను వదినంటే నిన్నేమనాలని గోడలక్క అడిగితే, "నేను నీకన్నా పెద్దదాన్నే, నన్నూ వదినే అను" అంది. ఎవరు పెద్దో ఎన్నటికీ తేలలేదు కాబట్టి ఇద్దరూ వదినలే అయ్యారు.

పేడ అంటే ముక్కు మూసుకునేవాళ్లకి గోడల సంగతి తెలియదు. ఉత్త మట్టి ఎండితే పగులుతుంది, తడిస్తే జారుతుంది. అందులో పేడ కలిపి, నాలుగువేళ్ల పొడుగున తరిగిన గడ్డి వేసి, రెండు రోజులు నాననిచ్చి, కాళ్లతో తొక్కితే అప్పుడది జిగురెత్తి గోడని పట్టుకుంటుంది. అదీ కొట్టంలో కట్టేసి దాణా పెట్టిన పశువు పేడ అయితే గోడలక్కకి నచ్చదు. బీట్లో తిరిగి మేసిన పశువు పేడలోనే నార ఉంటుంది. వదిన తెచ్చేది అదే. గోడలక్క ఒక చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపి చూసేది. "బంగారమా, గీటి చూస్తున్నావు" అని వదిన వెక్కిరించేది. పేడ దిబ్బది, గడ్డి వీధిది. అందుకే గోడలక్క దృష్టిలో ఆ చుట్టుపక్కల ఏ ఒక్క గోడా పూర్తిగా ఒకరిది కాదు.

ఈ సంగతి చెబితే వినే ఓపిక తర్వాత ఎవరికీ లేకపోయింది.

ముందు ట్రాక్టర్లు వచ్చాయి. ఎడ్లు పోయాయి. తర్వాత రైతులు ఏడాదికొక నాగటి చాలు చొప్పున బాటని పొలంలో కలుపుకుంటూ వచ్చారు. ఒక చాలే కదా, ఎవరు చూస్తారు. అలా యాభై అడుగుల బాట పదిహేనడుగులైంది. మనుషులకైతే అది చాలు. పశువుకి బడిపిల్లల్లా వరసలో నడవడం రాదు. వానలు మొహం చాటేసిన ఏడు మంద చేలో పడింది. పైరు పోయిన రైతు కర్ర తీశాడు, ఒక పెయ్య కాలు విరిగింది. మర్నాడు ఆ రైతు చెయ్యి విరిగింది. ఆ వారం ఒక మిట్టమధ్యాహ్నం దిబ్బ మీద పదకొండు ఇళ్ల కప్పులు తగలబడ్డాయి. మూడో రోజున వీధి చివరి గడ్డివాములూ, వాటిని ఆనుకున్న రెండిళ్లూ తగలబడ్డాయి. పోలీసులు వచ్చి, కుర్చీలు వేయించుకుని కూర్చుని, రాసుకుని వెళ్లారు. తప్పు ముందు ఎవరిదంటే వీధిలో ఒక కథ, దిబ్బ మీద ఇంకో కథ. గోడలక్క రెండుచోట్లా కాలిన గోడలు చూసింది. మసి ఒక్కలాగే ఉంది.

ఇంక అక్కడి నుంచి ఇళ్ల రూపే మారిపోయింది. గడ్డి కప్పులు తీసేసి రేకులు వేసుకున్నారు. రేకు అంటుకోదు నిజమే, కానీ దాని కింద మనిషి ఉడుకుతాడు. కిటికీలు పిల్లి దూరేంతకి కుదించారు. అరుగులు కొట్టేసి ఆ చోట ప్రహరీ లేపారు. అయినా నిద్ర పట్టలేదు. అప్పుడు గొడుగాయన ఒక సంగతి కనిపెట్టాడు. గొడుగాయనంటే వీధిలో అందరికన్నా ఎక్కువ పొలమున్న రైతు. ఎండైనా వానైనా, రెండూ లేకపోయినా చంకలో గొడుగుంటుంది. గోడలక్క కొడుకు ఆయన ట్రాక్టరే నడుపుతాడు.

"వాళ్లు ఎటు నుంచి వచ్చారు? వెనక నుంచి. మరి వెనక తలుపులెందుకు మనకి?" అన్నాడు. అందరూ ఔనంటే ఔనన్నారు. భయపడ్డవాళ్లకి ఏదో ఒక పని దొరికితే చాలు, అది తెలివైన పనిలాగే కనిపిస్తుంది.

"అక్కా, పని మొత్తం నీదే. ముప్పై ఒక్కటి," అన్నాడు గొడుగాయన.

"ముప్పై అండీ."

"ముప్పై ఒకటి. నీ ఇల్లు వీధిలో లేదా?"

"చివర్లో చూద్దామండీ. ముందు మీవి కానివ్వండి," అంది గోడలక్క.

అలా మొదలైంది. రోజుకొకటి, ఒక్కోసారి రెండు రోజులకొకటి. పని కొత్తది కాదు గానీ అంత అలసట మాత్రం ఆవిడకి కొత్త. గోడ కడితే సాయంత్రానికి ఒళ్లు నొప్పులున్నా లోపల ఏదో నిండినట్టుండేది. ఈ పనిలో ఒళ్లు నొప్పులే మిగిలాయి. ఇటుకలు పేరుస్తూ ఉంటే వంటింట్లోకి వెలుగు కింది నుంచి పైకి తగ్గుతూ పోయి, ఆఖరి ఇటుకతో ఆరిపోయేది. పొగ పోయే దారి లేక ఆడవాళ్లు దగ్గుతూ వండేవారు. పన్నెండో ఇంట్లో ముసలావిడ పీట వేసుకు కూర్చుని, సగం గోడ లేచేదాకా బాటవైపు చూస్తూనే ఉండి, "మరీ బిగించకే తల్లీ" అని గొణిగింది. గోడలక్క విననట్టే ఊరుకుంది.

ఊరుకుంది గానీ, అప్పటికే ఆవిడ చేస్తున్నది అదే. పాత గోడలో కొత్త గోడ కలపాలంటే పాతదాని అంచుకి పళ్లు పెట్టాలి. అంటే వరస విడిచి వరస ఇటుక మందాన చెక్కేసి, కొత్త ఇటుక సగం పాత గోడలోకి దూరేలా పేర్చాలి. అప్పుడే రెండూ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. ఈ సంగతి గోడలక్క నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. అలాంటిది ముప్పై తలుపుల్లో ఒక్కదానికీ పళ్లు పెట్టలేదు. ఖాళీలో ఇటుకలు ఊరికే పేర్చుకుంటూ పోయి పైన పూత పూసేసింది. పేడ కూడా లేదు. కప్పులు తగలబడ్డప్పటి నుంచి దిబ్బ నుంచి ఎవరూ రావడం లేదు. వీధిలో పశువే లేదు.

ఎందుకలా చేశావని మొదట్లో ఎవరైనా అడిగితే, ఓపిక లేక అనేదేమో. అది అబద్ధమూ కాదు. కానీ అసలు సంగతి వేరు. ఇవాళ కొట్టుకున్నవాళ్లు రేపు కలుస్తారు, గడ్డికి వాళ్లూ పేడకి వీళ్లూ ఎదురుచూస్తారు, అప్పుడు మళ్లీ తీయమని తననే పిలుస్తారు, తీయడం సుళువుగా ఉండాలి, అనుకుంది. నలభై ఏళ్లు గోడలు కట్టిన మనిషి, పడగొట్టడానికి వీలుగా కట్టింది. ఆవిడ జీవితంలో తెలిసి చేసిన చెడ్డపని అదొక్కటే.

తొలకరి పడింది. ఒక రాత్రి, ఒక పగలు కురిసి వెలిసింది. ఎండ కాసేసరికి వీధిలో ప్రతి ఇంటి వెనక గోడ మీదా రెండు నిలువు చారలు, పైన ఒక అడ్డ చార తేలాయి. ఏ ఇంట్లో చూసినా తలుపు బొమ్మే. పగుళ్లలోంచి వెలుగు సన్నగా వంటింట్లోకి వస్తోంది. పిల్లలు వేలు దూర్చి ఆడుకుంటున్నారు. పన్నెండో ఇంటి ముసలావిడ ఒక కన్ను మూసి, రెండో కన్ను పగులుకి ఆనించి కూర్చుంది.

గొడుగాయన నలుగురిని వెంటేసుకుని వచ్చాడు.

"ఏమక్కా, నీ చేతి పని ఇదేనా?"

"పేడ లేదండీ."

"మాటకి ముందు పేడ, వెనక పేడ. అది లేకపోతే గోడ నిలవదా?"

"నిలుస్తుంది. పగులుతుంది. ఏం చేయమంటారు, ట్రాక్టరు పేడ వెయ్యదు కదా."

వెనకున్నవాళ్లు నవ్వారు. గొడుగాయన నవ్వలేదు. గొడుగు కొసతో ఆవిడ ఇంటి వెనక తలుపు చూపించాడు. "ముందు అది మూసి చూపించు. వారం టైము. అది వానకి ఆగితే మిగతావి అలాగే మళ్లీ చెయ్యి. పగిలిందా, పట్నం నుంచి మేస్త్రీని పిలిపిస్తాం. నువ్వూ నీ కొడుకూ మా గుమ్మం తొక్కక్కర్లేదు. నీ తలుపు ఒక్కటే ఎందుకు తెరిచుందో వీధికి తెలీదనుకోకు."

ఆ పూట ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. కొడుకు కంచంలో వేళ్లు తిప్పుతూ, "నీ ఇష్టం అమ్మా" అన్నాడు. నీ ఇష్టం అన్నవాడి మొహంలో ఇష్టమేమిటో రాసే ఉంది. వాడికి ఆ ట్రాక్టరు తప్ప ఇంకో పని లేదు.

కోడలు మాత్రం దాచుకోలేదు. కప్పులు తగలబడ్డ రోజున చంటిదాన్ని ఒళ్లో పెట్టుకుని, రోకలి చేత్తో పట్టుకుని, ఆ తలుపుకి వీపు ఆనించి కూర్చున్న పిల్ల అది. ఇప్పటికీ రోకలి తలుపు పక్కనే ఉంటుంది.

"మూసెయ్యండి అత్తయ్యా. ఆ తలుపు వైపు తిరిగి పడుకోవాలన్నా భయమే, అటు వీపు పెట్టాలన్నా భయమే."

"ఆవిడ నాకు వదినే. ముప్పై ఏళ్ల నుంచి."

"మీకు వదిన. వాళ్లబ్బాయిలకి మనం ఏమవుతాం?"

గోడలక్క కోడలి మీద కోపం తెచ్చుకుందామనుకుంది, రాలేదు. పిల్ల భయం నిజం భయం. తలుపు తెరిచి ఉంచితే కొడుకు పనీ, కోడలి నిద్రా పోతాయి. మూస్తే వదిన పోతుంది. ఆలోచించడానికి ఇంక ఏమీ లేదు, అయినా మూడు రోజులు ఆలోచించింది.

నాలుగో రోజు పొద్దెక్కాక వెనక తలుపు అవతల దగ్గు వినిపించింది. వదిన ఎప్పుడూ తలుపు కొట్టదు, దగ్గుతుంది. గోడలక్క గబగబా గడియ తీసింది. వదిన నెత్తి మీద తట్ట, తట్టలో పేడ. మనిషి సగమైంది. బుగ్గ మీద కాలిన గాయం నల్లబడి మానింది.

"ఎవరైనా చూస్తే!" అంది గోడలక్క.

"ఎవరు చూస్తారు? చూడ్డానికి ఒక్కరికైనా తలుపు మిగిల్చావా?" అంటూ వదిన తట్ట దించి గడప మీద కూలబడింది.

కోడలు లోపలి గది గుమ్మం దాకా వచ్చి, చూసి, మాట్లాడకుండా పిల్లని ఎత్తుకుని ముందరింట్లోకి వెళ్లిపోయింది. గోడలక్క మంచినీళ్లు ఇచ్చింది. వదిన చెంబు ఎత్తి గడగడా తాగింది. ఐదు నెలల మాటలు ఇద్దరి గొంతుల్లోనూ ఉన్నాయి గానీ ఏది ముందు తీయాలో తెలియలేదు.

"అటువైపు నుంచి కూడా కనిపిస్తున్నాయి పగుళ్లు. నీ చెయ్యి కాదు ఇది అనుకున్నా. పళ్లు ఎందుకు పెట్టలేదు వదినా?" అని చివరికి వదినే అడిగింది.

ముప్పై ఇళ్లవాళ్లలో ఒక్కరికీ తట్టని ప్రశ్న. గోడలక్క ముఖం తిప్పుకుంది.

"మళ్లీ తీయాలంటే సుళువుగా ఉంటుందని."

"ఎవరు తీస్తారు?"

"ఏమో. తీస్తారనుకున్నా."

వదిన చీర చెంగుతో మెడ తుడుచుకుంది. "నా ఇల్లు చూశావా?" అంది.

"దూరం నుంచి."

"కప్పు లేదు కదా. మొన్న వానకి పైవరసలు కరిగి లోపలికి కారాయి. నీ పూత ఇంకా ఉంది, కింద గోడే లేదు. ఇంకో రెండు వానలకి మట్టిదిబ్బ అయిపోతుంది."

"ఇంత గడ్డైనా పరుచుకోలేకపోయావా పైన?"

"గడ్డి ఎవరిస్తారు వదినా?"

నిజమే. గడ్డి వీధిలో ఉంది. వీధికి పేడ లేదు, దిబ్బకి గడ్డి లేదు. రెండు చోట్లా గోడలు ఊడుతున్నాయి. గోడలక్క దగ్గరున్న గడ్డి ఒక తలుపు పూతకి సరిపోతుంది, ఒక ఇంటి కప్పుకి చాలదు.

"ఇంక మట్టిల్లు కట్టం," అంది వదిన. "మావాళ్లు టార్పాలిన్లు కొన్నారు, నీలంవి. నాలుగు గుంజలు, ఒక తాడు. ఇల్లు మూటలో పెట్టుకుని పోవచ్చు. నాలుగు రోజుల్లో బయల్దేరుతున్నాం, మేత దొరికే దిక్కు."

"ఎప్పుడొస్తారు?"

వదిన ఆ ప్రశ్న విననట్టు తట్టని కాలితో ముందుకి తోసింది. "ఇది నానబెట్టు. ఇంకో రెండు తట్టలు తెస్తా. ఈ తలుపు మూసెయ్."

"నీకోసమే కదా ఉంచింది!"

"నాకోసమే. అందుకే నేను చెబుతున్నా. నాకు మోసుకుపోయే ఇల్లుంది, నీకు లేదు. నువ్వు ఇక్కడే, వీళ్ల మధ్యే బతకాలి. మూసెయ్. దొంగపని చెయ్యకు, సరిగ్గా మూసెయ్."

గోడలక్క ఏడ్చింది. వదిన ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక కావాలి కాబోలు.

రెండు రోజులు నానింది. ఆ మర్నాడు పొద్దున్నే, కొడుకు పనికి వెళ్లాక, ఇద్దరూ పనిలోకి దిగారు. మూసే తలుపుకి రెండు వైపులా పూత ఉండాలి. వీధిలో మిగతా వాటికి గోడలక్క ఒక్కతే చుట్టూ తిరిగి బాటవైపు పూత కూడా పూసి వచ్చేది. ఈ ఒక్కదానికి లోపలివైపు ఒక మనిషి, బయటివైపు ఒక మనిషి.

ముందు తలుపు ఊడదీశారు. ఒంటి రెక్క తలుపు, తేలిక చెక్క. గోడలక్క మొగుడు చేయించింది. ఊడదీశాక గోడకి ఆనించి, దాన్ని ఏం చేయాలో తెలియక గోడలక్క నిలబడిపోయింది.

"నువ్వు తీసుకుపో," అంది.

"టార్పాలిన్‌కి తలుపేమిటే పిచ్చిదానా!"

"కింద వేసుకుని పడుకో. చెమ్మ అంటదు. నీకు నడుం నొప్పి కదా."

వదిన తలుపుని వేళ్లతో తట్టి చూసింది. "బాగుంది. తలుపు లేని గోడ నీకు, గోడ లేని తలుపు నాకు," అని నవ్వింది. ఆ నవ్వు చూసి గోడలక్కకీ నవ్వొచ్చింది. ఐదు నెలల్లో నవ్వడం అదే మొదలు.

గోడలక్క పలుగు తీసుకుని పాత గోడ అంచుకి పళ్లు పెట్టింది. ఒక వరస చెక్కి, ఒక వరస వదిలి, గడప దగ్గర నుంచి పైదాకా రెండు వైపులా. కొలత తప్పలేదు. నిజాయితీగా పని చేస్తుంటే ఒళ్లు తనంతట తనే కుదురుకుంటుంది, అది చూసి ఆవిడకి అసహ్యం వేసింది. ఇలాంటి పనికి ఇంత కుదురా అనుకుంది.

ఇటుక ఇటువైపు నుంచి గోడలక్క పెట్టేది, అటువైపు నుంచి వదిన సర్ది అడుసు మెత్తేది. మోకాలి ఎత్తు వచ్చేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. పెయ్య కాలు కుదురుకుందా అని గోడలక్క అడిగితే, కుంటుతోంది కానీ మందతో నడుస్తోంది అంది వదిన. పాప నడుస్తోందా అని వదిన అడిగితే, పరిగెడుతోంది అంది గోడలక్క. నడుం ఎత్తు వచ్చాక మాటలు తగ్గాయి. ఛాతీ ఎత్తు వచ్చాక ఒకరికి ఒకరి మొహం మాత్రమే కనిపించింది. తర్వాత అదీ లేదు. ఆఖరికి ఒక్క ఇటుక చోటు మిగిలింది.

ఆ కన్నంలోంచి వదిన చెయ్యి లోపలికి వచ్చింది. మోచేతి దాకా అడుసే. గోడలక్క పట్టుకుంది. రెండు చేతులకీ ఒకే మట్టి.

"ఎప్పుడొస్తావు వదినా?" అని మళ్లీ అడిగింది గోడలక్క.

"వస్తే దగ్గుతాలే. పెట్టు."

చెయ్యి వెనక్కి పోయింది. గోడలక్క ఆఖరి ఇటుక పెట్టింది.

ఇంక పూత. ఇటు నుంచి గోడలక్క అరచేత్తో కొడుతుంటే అటు నుంచి అదే చప్పుడు వినిపించింది. ఇది ఆగితే అదీ ఆగేది, మళ్లీ మొదలయ్యేది. కోడలు గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది. ఆ పిల్ల కళ్లు కూడా తడిగానే ఉన్నాయి. కాసేపటికి తనే వచ్చి, అడగకుండానే అడుసు ముద్దలు అందించడం మొదలుపెట్టింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి అటువైపు చప్పుడు ఆగింది. గోడలక్క కూడా చెయ్యి ఆపి, తడి గోడకి చెవి పెట్టింది. ఒక దగ్గు వినిపించింది. తర్వాత ఏదో బరువు నెత్తికెత్తుకున్న మూలుగు. తర్వాత ఏమీ లేదు.

వాన పడింది, ఈసారి నాలుగు రోజులు. గొడుగాయన మొదటిసారి గొడుగు విప్పుకుని వచ్చి, ఆ గోడని కొసతో పొడిచి, గోటితో గీకి, తల పంకించాడు. "చూశావా, మనసు పెడితే ఎందుకు రాదు!" అన్నాడు. మిగతా ముప్పై మళ్లీ చేయమన్నాడు. గోడలక్క చేసింది. పళ్లు పెట్టే చేసింది, ఈసారి ఏ దొంగపనీ లేదు. తనకి వచ్చిన పేడ తన గోడకే సరిపోయింది కాబట్టి వాటిలో మాత్రం పేడ లేదు. అవి పడిపోలేదు గానీ వాన వెలిసినప్పుడల్లా సన్నటి చారలు తేలుతూనే ఉన్నాయి. దిబ్బ మీద గోడలు రెండో వానకే కూలాయి. బాట మీద గడ్డి మొలిచింది. వచ్చే ఏడు అందులోనూ చాళ్లు పడతాయని అందరికీ తెలుసు.

వానలు తగ్గాక ఒక మధ్యాహ్నం కోడలు జల్లెడ తగిలించుకోవడానికని ఆ గోడకి మేకు కొట్టబోయింది. నాలుగు దెబ్బలు వేసింది. మేకు వంగింది గానీ దిగలేదు. ఇంకో మేకు తీసుకుంది, అదీ వంగింది.

"ఇదేం గోడ అత్తయ్యా, ఇంత గట్టిగా ఉంది! మేకు దిగడం లేదు."

గోడలక్క చాప మీద పడుకుని ఉంది. ఈ మధ్య మధ్యాహ్నాలు పడుకుంటోంది, పని ఉన్నా సరే. "దిగదమ్మా. వేరే గోడకి కొట్టుకో," అని ఆ గోడ వైపు తిరిగి పడుకుంది.